వైరసుకు పాఠాంతరము

పల్నాటిలో వినుకొండకు సమీపమున ఈపూరు అనే ఊరున్నది. సాగరు కుడికాలువ నీరు పారిన తరువాత ఆ ప్రాంతపు నేలలలో మిరప, ప్రత్తి విరివిగా పండుతున్నవి. మా మేనమామగారిది ఆ ఊరే. 2021 మే నెల మొదటి వారములో ఒకనాటి రాత్రి ఆయన నాకు టెలిఫోను చేసినారు. అప్పటికి ఈపూరు గుంటూరు జిల్లాలోనే ఉన్నది. పల్నాడు జిల్లా ఏర్పడినది మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో.

"ఏం అల్లుడూ, రేడియోలో ఉండేవాడివి, నీకు తెలియకుండా ఉండదు. కర్నూలు వైరసంట, పదిహేను రెట్లంట, అంటుకుంటే నాలుగు రోజులేనంట. నిజమేనా? మన కల్లంలో కర్నూలోళ్లు పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్లను పంపించెయ్యమని ఊళ్లో వాళ్లు అరుగు మీద వచ్చి కూర్చున్నారు. నువ్వు ఎట్లా చెబితే అట్లా చేస్తా" అని ఆయన అడిగినారు.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతాలలో వానలు లేక పనులు దొరకని రోజులలో ఎన్నో కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు సీమలకు మిరపకోతకు వస్తవి. పొలము గట్టున గుడిసెలు వేసుకొని రెండు మూడు నెలలు ఉండి, కోతలు ముగిసిన తరువాత తిరిగి వెళ్లుతవి. మా మామయ్యగారి కల్లములో ఆ ముఠావారు ఆఖరు కోత కోసి, తాలుకాయలు ఏరుతున్నారు. జనవరి నుంచి అక్కడనే ఉన్నారు. వారిలో ఎవరికీ దగ్గు లేదు, జ్వరము లేదు.

నేను ఏమి చెప్పినాను? "నిజమో కాదో ఇంకా తేలలేదు మామయ్యా. ఎందుకైనా మంచిది, జాగ్రత్తగా ఉండండి" అన్నాను.

మూడవనాడు విషయము విచారించి, తెలిసినవారిని అడిగి, ఆయనకు తిరిగి టెలిఫోను చేసినాను. అప్పటికే వారిని పంపివేసినారు. కూలి లెక్క పైసాతో సహా చెల్లించి, దారిబత్తెముగా రెండు బస్తాల బియ్యము ఇచ్చి, కర్ఫ్యూ రోజులు గనుక తెల్లవారుజామున లారీ ఎక్కించినారట. "నువ్వే గదా ఎందుకైనా మంచిదన్నావు" అన్నారు మామయ్య.

ఈనాటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు ఆనాడు నేను చెప్పవలసి ఉండి చెప్పలేకపోయిన సమాధానము. కొత్త రకము వైరసు అంటే ఏమిటి? అది ఎట్లా పుట్టుతుంది? అంత వేగముగా ఎందుకు వ్యాపిస్తుంది? ఈ మూడు విషయాలు తెలిసి ఉంటే ఆ రాత్రి నేను వేరే మాట చెప్పి ఉండేవాడిని.

అచ్చుయంత్రము రాక పూర్వము మన గ్రంథాలు తాటాకుల మీద వ్రాయసగాండ్ర చేతిలో ఒక ప్రతి నుంచి మరొక ప్రతిగా బ్రతికినవి. ఎంత జాగ్రత్తగల లేఖకుడైనా ఒక అక్షరము వదలివేస్తాడు, ఒక అక్షరము మార్చివేస్తాడు. ఆ ప్రతిని చూచి వ్రాసేవాడు ఆ తప్పును కూడా ఎత్తి వ్రాస్తాడు. కొన్ని తరాలకు ఒకే గ్రంథానికి రెండు మూడు పాఠాలు ఏర్పడుతవి. పండితులు దీనిని పాఠాంతరము అన్నారు. మన పల్నాటి వీరచరిత్రనే తీసుకొనండి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని పరిష్కరించి ప్రకటించినారు. కాని పల్లెలలో ఆ కథను పాడేవారి నోట అది ఒక్కొక్కరి వద్ద ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కథ ఒకటే, పాఠాలు వేరు.

వైరసు కూడా ఒక వ్రాతవంటిదే. కరోనా వైరసు లోపల ఉన్న ఆర్‌.ఎన్‌.ఎ. అనే పోగులో సుమారు 30 వేల అక్షరాలున్నవి. ఆ వ్రాతకు భాషలో ఉన్న అక్షరాలు నాలుగే. వైరసు మన శరీరములోని కణములో ప్రవేశించి, ఆ కణము చేతనే తన వ్రాతకు వేలకొలది నకళ్లు తీయించుకొంటుంది. నకలు తీసేటప్పుడు అక్కడక్కడ ఒక అక్షరము తప్పిపోతుంది. దీనిని శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనము అంటున్నారు. ఇందులో వింత ఏమిటంటే, ఈ జాతి వైరసులకు తప్పులు దిద్దుకొనే ఏర్పాటు కూడా కొంత ఉన్నది. అందువలన ఇన్‌ఫ్లుయెంజా వైరసుకన్న ఇది నిదానముగానే మారుతుంది. వ్యాప్తిలో ఉన్న ఒక పరంపరలో నిలిచే మార్పులు నెలకు సుమారు రెండు మాత్రమే. అయినా కోట్లమంది శరీరాలలో ఒకేసారి నకళ్లు తయారవుతూ ఉంటే, ఎన్ని కొత్త పాఠాలు పుట్టడానికి అవకాశమున్నదో ఊహించుకొనవచ్చును. రోగనిరోధకశక్తి క్షీణించిన వ్యక్తి శరీరములో వైరసు నెలల తరబడి తిష్ఠ వేసినప్పుడు ఒకే చోట అనేక మార్పులు పోగుపడవచ్చునని కూడా శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఈ మార్పులలో అధికభాగము నిరర్థకమైనవి. కొన్ని వైరసుకే చేటు తెచ్చి దానితోపాటు అంతరిస్తవి. ఎక్కడనో ఒకటి మాత్రము దానికి లాభిస్తుంది. ఆ ఒక్కటే నిలుస్తుంది. ఈ సంగతి పల్నాటి ప్రత్తి రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగక ప్రత్తిని తుడిచిపెట్టినది. మందు కొట్టినకొద్దీ లొంగే పురుగు చచ్చినది, లొంగని పురుగు మిగిలినది. మిగిలినదే పిల్లలను పెట్టినది. నాలుగు తరాలు గడిచేసరికి చేను నిండా లొంగని జాతియే. పురుగు ఆలోచించి మారలేదు, ఎవరూ నేర్పలేదు. మిగిలినదే వంశమై నిలిచినది. వైరసు వ్యవహారమూ ఇంతే. ఒకరి నుంచి మరొకరికి ఎక్కువగా అంటుకొనగలిగిన పాఠము, లేదా మునుపటి జబ్బువలననో టీకావలననో కలిగిన రక్షణను కొంత తప్పించుకొనగలిగిన పాఠము, తక్కిన పాఠాలను వెనుకకు నెట్టి తానే ఊరంతా నిండుతుంది.

ఇక కర్నూలు వైరసు సంగతి. దాని అసలు పేరు ఎన్‌ 440 కె. వైరసు పైన ముండ్లవలె కనిపించే మాంసకృత్తు ఒకటున్నది. మన కణానికి తగులుకొని లోపలికి ప్రవేశించడానికి అది తాళపుచెవివంటిది. అందులో వరుసగా కూర్చిన 1,273 తునకలలో 440వ తునక మారినది. ఆ మార్పుకు గుర్తే ఆ పేరు. 2020వ సంవత్సరములోనే దక్షిణాదిన సేకరించిన నమూనాలలో అది కనిపించినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద పరీక్షించి, ఆ రకము అక్కడ అధికముగా వృద్ధి చెందుతున్నదని గమనించిన మాట వాస్తవము. ఆ మాట పత్రికలకు ఎక్కి, పత్రికల నుంచి చేతి ఫోనులకు దిగి, పదిహేను రెట్ల ప్రమాదము అయినది. కర్నూలు పేరు దానికి తగిలించినారు.

కాని గాజుపాత్రలోని కణాలు వేరు, సంతలో తిరిగే మనుష్యులు వేరు. ఊళ్లలో జరిగే పోటీలో ఆ రకము నిలువలేకపోయినది. 2021 మే నెల నాటికి అది తగ్గిపోతున్నదనీ, దాని స్థానాన్ని ఇతర రకాలు ఆక్రమిస్తున్నవనీ సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులే స్పష్టముగా ప్రకటించినారు. నేను మూడవనాడు తెలుసుకొన్నది ఇదే. మా మామయ్యగారి కల్లములోని పద్దెనిమిదిమందికీ ఆ వార్తకూ ఉన్న సంబంధము ఒక్క ఊరిపేరు మాత్రమే.

నిజముగా వచ్చినది మరొకటి. 2020 అక్టోబరులో మన దేశములోనే సేకరించిన నమూనాలలో ఒక కొత్త శాఖ జాడలు ఉన్నట్లు తరువాత తేలినది. 2021 ఫిబ్రవరి, మార్చి నెలలలో మహారాష్ట్రములో జబ్బు పెచ్చు పెరిగినప్పుడు ఈ శాఖ ప్రముఖముగా కనిపించినది. అందులోని ఒక కొమ్మకు బి.1.617.2 అని సంఖ్య ఇచ్చినారు. దానికే తరువాత డెల్టా అని పేరు వచ్చినది. దాని తాళపుచెవిలో కొన్ని కీలకమైన మార్పులున్నవి. వాటివలన అది కణానికి మరింత సులువుగా తగులుకొన్నది. మొదటి వైరసుకన్న అది సుమారు రెండింతలు అంటుకొనే గుణము కలదని తరువాతి లెక్కలు చెప్పినవి.

రెండింతలు అంటే ఎంత? వినడానికి స్వల్పముగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి. ఒకరి నుంచి ఇద్దరికి, ఆ ఇద్దరి నుంచి నలుగురికి అంటుకొనే జబ్బు ఆరవ మెట్టుకు చేరేసరికి ఆ మెట్టున కొత్తగా జబ్బుపడేవారు 64 మంది. ఒకరి నుంచి నలుగురికి అంటుకొనే జబ్బు అదే ఆరవ మెట్టుకు 4,096 మందిని పట్టుకొంటుంది. ఒక్కొక్క మెట్టుకు ఐదేసి రోజులనుకొన్నా, ఇదంతా ఒక్క నెలలో జరిగే వ్యవహారము. ఎవరూ అడ్డుకొనకపోతే జరిగే లెక్క ఇది. జాగ్రత్తలు, టీకాలు, మునుపటి జబ్బు మిగిల్చిన రక్షణ ఆ వేగాన్ని తగ్గిస్తవి. అయినా ఆ సంవత్సరము మే మొదటి వారములో దేశములో ఒక్క రోజున 4 లక్షలకు పైగా కొత్త కేసులు నమోదైనవి. ఆంధ్రప్రదేశ్‌లో మే నడుమ ఒక్క రోజున 24 వేలు దాటినవి. ప్రాణవాయువు కోసము, పడక కోసము జనము పరుగులు పెట్టిన ఆ రోజులను ఎవరు మరువగలరు?

ఇక్కడ ఒక చిత్రము జరిగినది. మేము కర్నూలువారిని పొమ్మన్న ఆ వారములోనే, మే 6వ తేదీన, ఢిల్లీ అధికారులు ఒక ఉత్తరువు చేసినారు. ఆంధ్రప్రదేశ్ నుంచి, తెలంగాణ నుంచి వచ్చే ప్రయాణికులు 14 రోజులు ప్రత్యేక వసతులలో ఏకాంతవాసము చేయవలెనని దాని సారాంశము. టీకాలు పూర్తయినవారికి, పరీక్షలో జబ్బు లేదని తేలినవారికి కొంత సడలింపు ఇచ్చినారు. కారణము, ఆంధ్రలో ఏదో కొత్త రకము పుట్టినదనే మాట. ఈపూరుకు కర్నూలు ఎట్లాగో ఢిల్లీకి మనమందరమూ అట్లాగే అయినాము. ఆ సమయానికి ఢిల్లీ స్వయముగా వేరే రకముతో ఉడికిపోతున్నది.

జబ్బుకు ఊరి పేరు పెట్టడం కొత్త కాదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాకు లోకమంతా స్పెయిను పేరు పెట్టినది. ఆ జబ్బు స్పెయినులో పుట్టినందువలన కాదు. యుద్ధములో ఉన్న దేశాలు వార్తలను అదిమిపెట్టినవి. తటస్థముగా ఉన్న స్పెయిను పత్రికలు మాత్రము జరిగినది వ్రాసినవి. నిజము చెప్పిన పాపానికి ఆ పేరు వారికి అంటినది. మన దేశములో ఆ జబ్బు 1918 జూన్‌లో బొంబాయి రేవున దిగినది గనుక దానిని బొంబాయి జ్వరమన్నారు. వేసవిలో అది ఒక మోస్తరుగా వచ్చిపోయినది. అదే సంవత్సరము శరత్కాలములో తిరిగివచ్చి, రైలుదారుల వెంట దేశమంతా వ్యాపించి, ఒక కోటికి పైగా ప్రాణాలను తీసుకొన్నది. 1957లో వచ్చినదానికి ఆసియా పేరు, 1968లో వచ్చినదానికి హాంగ్‌కాంగు పేరు పెట్టినారు. ఈ అనుభవాల ఫలితముగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31వ తేదీన ముఖ్యమైన కరోనా రకాలకు గ్రీకు అక్షరాల పేర్లు నిర్ణయించినది. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అనే ఆ పేర్లు ఏ ఊరివీ కావు, ఏ జాతివీ కావు. ఏదైనా కొత్త రకాన్ని కనిపెట్టి లోకానికి తెలియజేసిన దేశాన్ని ఆ కారణానికే వెలివేస్తే, రేపు ఎవరూ నోరు విప్పరు. పేరు విషయము చిన్నదిగా కనిపిస్తుంది గాని, దానివెనుక ఉన్న న్యాయము ఇది.

పూర్వము మన పల్లెలలో మశూచి, కలరా వంటివి వచ్చినప్పుడు అమ్మవారికి జాతర చేసి, ఊరేగించి, పొలిమేర దాటించి సాగనంపేవారు. పొలిమేర దాటితే ఊరికి పీడ విరగడైనట్లే. అవతలి ఊరి సంగతి అవతలి ఊరిది. జబ్బు కారణము తెలియని కాలములో భయపడిన మనుష్యులు చేసుకొన్న ఏర్పాటు అది. దానిని నేను పరిహసించను. కాని కారణము తెలిసిన కాలములో, చేతిలో ఫోనులు పెట్టుకొని, మేము చేసినది మాత్రము ఏమిటి? పద్దెనిమిది మందిని పొలిమేర దాటించి, పీడ పోయినదనుకొన్నాము. చాపకూడు పెట్టి సకల కులాలను ఒకే పంక్తిని కూర్చోబెట్టిన బ్రహ్మనాయుని కథ చెప్పుకొనే సీమ మాది.

ఆ నెలలోనే ఊరిలో ఒక పెండ్లి జరిగినది. నిబంధనల ప్రకారము కొద్దిమందితో జరుగవలసినది. బంధువులను కాదనలేక నాలుగు ఊళ్ల నుంచి జనము వచ్చినారు. వారందరూ మనవారే, మామయ్య అరుగు మీద కూర్చుండి కూలీలను పంపివేయమన్నవారు కూడా అక్కడ ఉన్నారు. మనవారి వెంట జబ్బు రాదని అందరి నమ్మకము. వారము తిరిగేసరికి ఆ వీధిలో ఇంటింటా జ్వరము. ఎవరి వెంట వచ్చినదో చెప్పడం ఎవరికీ సాధ్యము కాదు. అడగడం కూడా న్యాయము కాదు. మా అత్తయ్య పదకొండు రోజులు పోరాడి, గుంటూరులో కన్ను మూసినది. ఆమెకు ఏప్రిల్‌లోనే టీకాకు అర్హత వచ్చినది. టీకా వేసుకొన్న రాత్రి జ్వరము వస్తుందని ఎవరో చెప్పగా, "ఎందుకైనా మంచిది, నాలుగు రోజులు చూద్దాము" అని వాయిదా వేసినదట.

ఆ మాట విన్నప్పుడు నాకు గుండెలో కలుక్కుమన్నది. నేను టెలిఫోనులో చెప్పిన మాట అదే. జాగ్రత్త అని మనము అనుకొనే మాటలలో కొన్ని జాగ్రత్తలు కావు. తెలుసుకొనే శ్రమను తప్పించుకొనే సాకులు. నిజమైన జాగ్రత్త ప్రశ్న వేస్తుంది: ఈ మనుష్యులు ఎక్కడ నుంచి ఎప్పుడు వచ్చినారు? ఎవరితో కలిసినారు? జబ్బు గుర్తులున్నవా? పరీక్ష చేయించితిమా? ఈ ప్రశ్నలు ఆ రాత్రి నేను అడిగి ఉంటే, నాలుగు నెలలుగా మన పొలము గట్టున ఉన్నవారికన్న నిన్న పట్టణము నుంచి దిగిన బంధువు గురించే ఎక్కువ ఆలోచించవలెనని ఒక్క నిమిషములో తేలిపోయేది.

డెల్టాతో కథ ముగియలేదు. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ఒమిక్రాన్ అనే రకాన్ని గురించి లోకాన్ని హెచ్చరించినారు. దాని ముండ్ల మాంసకృత్తులోనే 30కి పైగా మార్పులున్నవి. డిసెంబరులో విజయనగరము జిల్లాలో ఆంధ్రప్రదేశ్‌లోని మొదటి కేసు తేలినది. జనవరికి దేశమంతా అదే నిండినది. అది డెల్టాకన్న వేగముగా వ్యాపించినా, మరణాలు ఆ స్థాయిలో లేవు. ఆనాటికి అధికసంఖ్యాకులకు టీకావలననో, జబ్బువలననో కొంత రక్షణ ఏర్పడి ఉన్నది. వైరసు మారినకొద్దీ సాధువవుతుందని కొందరంటారు. అది నియమము కాదు. 1918లో రెండవసారి వచ్చినది మొదటిదానికన్న క్రూరముగా ఉన్నది. డెల్టా కూడా అంతే. వ్యాపించగలగడమే వైరసుకు గెలుపు. రోగి బ్రతికినాడా లేదా అన్నది ఆ లెక్కలో ప్రధానము కాదు.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తివేసినది. వైరసు మాత్రము వెళ్లిపోలేదు; కొత్త పాఠాలు వ్రాసుకొంటూనే ఉన్నది. ఆ పాఠాలను చదివే ఏర్పాటు కూడా మనకు పెరిగినది. 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వము దేశములోని ప్రయోగశాలలను ఇన్‌సాకాగ్ అనే పేర ఒక కూటమిగా చేర్చినది, సి.సి.ఎం.బి. అందులో ఒకటి. 2022 ఆరంభములో విజయవాడలోనే వైరసు అక్షరాలను చదివే ప్రయోగశాల ఏర్పడినది. కొత్త రకము వచ్చినదని రేపు మరల వార్త వినిపిస్తుంది. అప్పుడు మనము అడుగవలసినవి మూడు ప్రశ్నలు. మునుపటికన్న వేగముగా అంటుతున్నదా? జబ్బు తీవ్రముగా చేస్తున్నదా? టీకా రక్షణను తప్పించుకొంటున్నదా? ఈ మూడింటికీ జవాబు తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో కిటికీలు తెరచుకొనడం, కిక్కిరిసిన చోట ముక్కూ నోరూ కప్పుకొనడం, జ్వరము వచ్చినవారు ఇంట ఉండడం, వేసుకొనవలసిన టీకా వేసుకొనడం, ఇవి ఏ రకానికైనా పనికివచ్చేవే. ఏ పాఠాంతరము వచ్చినా గాలిలోనే ప్రయాణము చేయవలెను గదా.

మా మామయ్య మరుసటి సంవత్సరము ఆ ముఠా మేస్త్రీకి టెలిఫోను చేయలేదు. చేయడానికి మొగము చెల్లలేదు. దానికితోడు 2021 చివర నల్ల తామరపురుగు పడి మిరపతోటలు పూతలోనే మాడిపోయినవి, కోయడానికి కాయ లేదు. ఆ తరువాతి సంవత్సరము పంట నిలిచినప్పుడు ఆయన స్వయముగా బస్సెక్కి ఆదోని వైపు వెళ్లినారు. ఏమని అడిగినారో నాకు చెప్పలేదు. పద్దెనిమిదిమందిలో పదకొండుమంది వచ్చినారు. తక్కినవారు వేరే రైతుల వద్ద కుదిరినారట. వచ్చినవారిలో ఒక పెద్దామె ఇంట్లో అడుగుపెట్టి, అత్తయ్య పటము చూచి, చాలాసేపు అక్కడనే కూర్చున్నదట.

ఈసారి ఎవరైనా నాకు టెలిఫోను చేసి అడిగితే, తెలియకపోతే తెలియదని చెబుతాను. తెలుసుకొని చెబుతాను, అంతవరకు ఎవరినీ ఎక్కడికీ పంపవద్దని చెబుతాను.